డ్రైవరున్నాడుగా

విరిగిన ఫ్యాను రెక్కను బొజ్జయ్య ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. పారేయడానికి మనసొప్పలేదు. పారేస్తే ఎలా విరిగిందో ఎవరికి చూపించాలి?

నల్లవాగు చప్టా మీద నీళ్లు బంపరును తాకుతున్నా మొన్న యూరియా లోడుతో పికప్ బండిని దించక తప్పలేదు. అవతలి ఊళ్లలో పత్తికి మందు పడాలి. ఇంజను ముందు తిరిగే ఫ్యాను ఆ నీళ్లను కొట్టి కొట్టి ముందుకు వంగింది. వంగి రేడియేటరును కొడవలిలా కోసేసింది. ట్రాక్టరుకు తాడు కట్టి భద్రాచలం దాకా, చర్ల రోడ్డులో ఉన్న హీరాలాల్ షెడ్డుకు లాక్కురావలసి వచ్చింది.

హీరాలాల్ బానెట్ కింద తల దూర్చి చాలాసేపు చూశాడు. మాట్లాడేది తెలుగే అయినా విసుగు మాత్రం అతనికి హిందీలోనే వస్తుంది. ఆ విసుగంతా అయిపోయాక తల బయటికి తీశాడు.

"ఇంజనుతోటి తిరిగే ఫ్యాను భాయ్ ఇది. ఇంజను నడిచినంతసేపు తిరుగుడే దీని పని. నీళ్లు రానీ, నిప్పు రానీ. ఎన్నిసార్లు మార్చినా మీ వాగుల గిట్లనే అయితది. తీసి పారేసి కరెంటు ఫ్యాన్లు రెండు పెట్టుకో. వాగుల దిగేముందు బంద్ చేసుకోవచ్చు, ఒడ్డెక్కినంక ఏసుకోవచ్చు."

"సారుని అడగాలె."

హీరాలాల్ బండి తలుపు వైపు చూశాడు. దాని మీద పసుప్పచ్చ రంగుతో గిరిజన పథకం పేరు, దాని కింద 'యజమాని: కుంజా బొజ్జయ్య' అని రాసి ఉంది.

"ఏ సారు? తలుపు మీద ఉన్నోడా, ఫోన్ల ఉన్నోడా?"

బొజ్జయ్య ఫోన్ తీశాడు. పథకం బొజ్జయ్యకు వచ్చింది, సంతకాలు బొజ్జయ్యవి, వాయిదా తప్పితే నోటీసు వచ్చేది బొజ్జయ్య ఇంటికి. బండి మాత్రం విత్తనాల కొట్టు మురళీకృష్ణది. ఇదేమీ దాచిన సంగతి కాదు. చప్టాకు ఈవల ఉన్నవాళ్లకూ ఆవల ఉన్నవాళ్లకూ తెలిసిందే. అడిగేవాళ్లు ఎవరూ లేరు, అంతే.

మురళీకృష్ణ కారులో వచ్చాడు. దిగి, ప్యాంటుకు గ్రీజు అంటకుండా దూరంగా నిలబడి హీరాలాల్ చెప్పింది విన్నాడు. నీళ్లలో బండి ఆగకుండా పోతుందన్న మాట అతనికి నచ్చింది. డీజిలు కూడా కాస్త మిగులుతుందన్న మాట ఇంకా నచ్చింది.

"ఇంకోటి సాబ్," అన్నాడు హీరాలాల్. "రేడియేటర్ కాడ ఒక సెన్సార్ పెడత. వేడెక్కంగనే ఫ్యాన్లు దానంతట అవే తిరుగుతయి. సల్లారంగనే అవే ఆగుతయి."

"ఎందుకది? స్విచ్ పెట్టు చాలు. డ్రైవరున్నాడుగా."

"డ్రైవర్ మనిషి సాబ్. ఒకనాడు యాది మరుస్తడు."

"జీతం తీసుకునేవాడు ఎట్లా మరుస్తాడయ్యా?" మురళీకృష్ణ బొజ్జయ్య వైపు తిరిగాడు. "ఏరా, మరుస్తావా?"

"మరువ సారు," అన్నాడు బొజ్జయ్య.

మురళీకృష్ణ కారెక్కి వెళ్లిపోయాక ఇద్దరూ పనిలోకి దిగారు. హీరాలాల్ పెద్ద పానా పట్టి నట్టు మీద సుత్తితో ఒక్కటి వేశాడు. నట్టు వదిలింది. పాత ఫ్యాను, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గూడు బయటికి వచ్చాయి. ఆ జాగాలో ఇంజనుకూ కొత్త రేడియేటరుకూ మధ్య చెయ్యి దూరేంత సందు ఏర్పడింది. ఏదో కారు నుంచి ఊడదీసిన రెండు ఫ్యాన్లను హీరాలాల్ పక్కపక్కన ఆనించి చూశాడు. ఇనుప పట్టీ కోసి, వంచి, రంధ్రాలు వేశాడు. బొజ్జయ్య పట్టీని పట్టుకుని నిలబడ్డాడు. బ్యాటరీ నుంచి మందపాటి వైరు లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టి, స్విచ్‌ను స్టీరింగ్ కింద ఎడమ పక్క బిగించారు.

స్విచ్ వేయగానే ఫ్యాన్లు తేనెపట్టు కదిలినట్టు జుమ్మన్నాయి. హీరాలాల్ షెడ్డు వెనక ఉన్న తునికి చెట్టు ఆకు ఒకటి తెంపి బండి ముందుపక్క జాలీ దగ్గర పట్టుకుని వదిలాడు. ఆకు కింద పడలేదు. జాలీకి అతుక్కుపోయింది.

"గాలి లోపలికి గుంజుతున్నది. వైర్లు సరిగ్గనే కలిసినయి. ఉల్టా కలిస్తే ఆకు నీ మొఖం మీదికి వస్తుండె." హీరాలాల్ చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "భాయ్, వేడి చూపించే ముల్లు మీదనే కన్నుండాలె. ఫ్యాన్లు బందై గుట్టెక్కితే ఇంజను మిగలది."

బొజ్జయ్య తలూపాడు.

*

ఆ తర్వాత బండి నడకే మారిపోయింది. పాత ఫ్యాను హోరు లేకపోయేసరికి ఇంజను ఊపిరి విడిగా వినిపిస్తోంది. చప్టా దగ్గరికి రాగానే బొజ్జయ్య ఎడమచెయ్యి దానంతటదే కిందికి పోయేది. టక్. ఫ్యాన్లు ఆగేవి. బండి మొదటి గేరులో, బాతు దిగినట్టు, చప్పుడు లేకుండా నీళ్లలోకి దిగేది. అవతలి ఒడ్డు ఎక్కి చక్రాలు మట్టిని పట్టగానే మళ్లీ టక్. జుమ్మనే శబ్దం వీపుకు తగిలేది. అప్పుడు ఊపిరి వదిలేవాడు.

అన్నం తింటూ కూడా ఆ చెయ్యి ఒక్కోసారి కదిలేది. భార్య శ్యామల అది గమనించి కోయలో అడిగింది, "ఏంది, చీమ కుట్టిందా?"

"స్విచ్."

"ఇంట్ల కూడానా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. వాళ్లింటి కప్పు కోసం కొన్న రేకులు భద్రాచలంలో కొట్టు ముందే పడి ఉన్నాయి. వానకు ఇంట్లో రెండుచోట్ల గిన్నెలు పెట్టుకున్నారు.

"సారుని అడిగినవా?"

"అడిగిన. యూరియా అయిపోయినంక చూద్దాం అన్నడు."

"రోజూ ఉత్త బండి తోలుకుని వస్తవు గదా, సాయంత్రం."

"ఉత్తగ రాదు. యూరియా బస్తాలతోటి నిండి ఉంటది. రేకులు ఎక్కిస్తే బండికి గీతలు పడతయి అన్నడు."

శ్యామల లేచి నిండిన గిన్నెను బయట పారబోసి వచ్చింది. "తలుపు మీద నీ పేరు రాసినప్పుడు గీతలు పడలేదా?" అంది.

*

ఆ ఆదివారం మురళీకృష్ణ బావమరిది అనిల్‌కుమార్ బోనకల్ నుంచి ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. అడవిలో కోడికూర వండుకుని తినాలని వాళ్ల సరదా. కారు వాగు దాటదు. మురళీకృష్ణ బొజ్జయ్యకు ఫోన్ చేసి బండి తెమ్మన్నాడు.

గ్యాసు పొయ్యి, గిన్నెలు, కాళ్లు కట్టిన రెండు కోళ్లు వెనక ఎక్కాయి. బొజ్జయ్య డ్రైవరు తలుపు తీస్తుంటే అనిల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను తోలతా. నువ్వు వెనక్కెక్కు."

"నీళ్లల్ల దిగుటానికి ఒక స్విచ్ ఉంది సారు. దిగేముందు బంద్ చెయ్యాలె. ఒడ్డెక్కంగనే మళ్ల ఏసుకోవాలె. గిదే, చూడున్రి, స్టీరింగ్ కింద."

"ఆఁ సరే సరే."

"ఒడ్డెక్కంగనే సారు. మరిస్తే ఇంజను..."

"చెప్పావుగా ఒకసారి." అనిల్ అప్పటికే పాట పెడుతున్నాడు.

చప్టా దగ్గర అనిల్ స్విచ్ మరవలేదు. వెనక నిలబడ్డ బొజ్జయ్యకు ఫ్యాన్లు ఆగడం తెలిసింది. బండి నీళ్లలోకి దిగింది. స్నేహితుల్లో ఒకడు ఫోన్ బయటికి పెట్టి వీడియో తీశాడు. ఒడ్డు ఎక్కారు. చక్రాలు మట్టిని పట్టాయి. బొజ్జయ్య ఊపిరి బిగబట్టి ఆ జుమ్మనే శబ్దం కోసం చూశాడు.

రాలేదు.

క్యాబిన్ వెనక అద్దం మీద వేళ్లతో కొట్టాడు. లోపల మధ్యలో కూర్చున్నవాడు వెనక్కి తిరిగి బొటనవేలు చూపించి నవ్వాడు. బొజ్జయ్య చేత్తో తిప్పినట్టు చూపించాడు, ఫ్యాను అని. వాడు కూడా అలాగే చెయ్యి తిప్పాడు, పాటకు తాళం వేస్తున్నట్టు. ఎర్రమట్టి దారి గుట్ట మీదికి ఎక్కుతోంది. బొజ్జయ్య ఒక చేత్తో ఇనుప కమ్మీ పట్టుకుని రెండో అరచేత్తో క్యాబిన్ పైకప్పును బాదడం మొదలుపెట్టాడు. అతను బాదిన కొద్దీ లోపల ఉత్సాహం పెరిగింది. అనిల్ హారన్ కొట్టి గేరు తగ్గించి ఇంకా తొక్కాడు. రేకు మీద చెయ్యి ఎర్రగా కందింది. కోళ్లు కాళ్ల కట్టుతోనే ఎగిరెగిరి పడుతున్నాయి.

ముందు కాలిన రబ్బరు వాసన వచ్చింది. తర్వాత బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది. గుట్ట సగం ఎక్కాక బండి ఒక్కసారి గొంతు పట్టుకున్నట్టు విదిలించుకుని తనంతట తానే ఆగిపోయింది.

పాట ఇంకా మోగుతూనే ఉంది. అనిల్ దిగి ఆవిరిని చూశాడు.

"ఏంట్రా ఇది? చెప్పొచ్చుగా."

"చెప్పిన సారు. ఇప్పుడు కూడా కొట్టిన."

"పైకప్పు మీద డప్పు కొడితే ఎవడికి అర్థమవుతుంది?"

సిగ్నల్ దొరికే జాగా దాకా ముగ్గురూ నడిచారు. మురళీకృష్ణ పంపిన వేరే బండి భద్రాచలం వైపు ఒడ్డు వరకు వస్తే, వాళ్లు మోకాళ్ల లోతు నీళ్లు దాటి దాన్ని ఎక్కి వెళ్లిపోయారు. కోళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. బొజ్జయ్య వాటి కట్లు విప్పి సీసాలోని నీళ్లు మూతలో పోసి పెట్టాడు. ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కు మంటుంటే, దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాక, రోడ్డు పక్క కూర్చున్నాడు.

*

బండిని మళ్లీ షెడ్డుకు లాక్కొచ్చాక హీరాలాల్ ఇంజను హెడ్డు విప్పి బల్ల మీద పెట్టాడు. దాని మీద స్కేలు అడ్డంగా నిలబెట్టి చూపించాడు. మధ్యలో వెలుతురు కనిపించింది. హెడ్డు వంగిపోయింది. పిస్టన్లు గోడలకు పట్టేశాయి.

"ఇది అయిపోయింది సాబ్. వేరే ఇంజను ఎక్కించుడే."

మురళీకృష్ణ ఎవరినీ చూడకుండా అడిగాడు, "ఎవరు తోలారు?"

అతనికి తెలుసు. అనిల్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "బావా, స్విచ్ సంగతి వీడు సరిగ్గా చెప్పలేదు. ఏదో గొణిగాడు."

"రెండుసార్లు చెప్పిన సారు."

"నువ్వుండరా." మురళీకృష్ణ గొంతు పెరగలేదు. "స్విచ్ నీ పని. సీట్లో ఎవడున్నా బండికి జవాబు నువ్వే చెప్పాలి. పక్కన కూర్చోకుండా వెనక ఎందుకెక్కావ్?"

"పక్కన జాగ లేదు సారు. ఎక్కమన్నరు, ఎక్కిన."

"నాకవన్నీ తెలియవు. బండి నీ పేరున ఉంది. నువ్వే బాగుచేయించుకో. నువ్వే వాయిదాలు కట్టుకో. నాకు సంబంధం లేదు."

షెడ్డులో ఆటో బాగుచేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు ఇటు చూస్తున్నారు. ఇలాంటప్పుడు ఏం చేయాలో బొజ్జయ్యకు తెలుసు. చేతులు కట్టుకోవాలి, తప్పయిందనాలి, జీతంలో పట్టుకోమనాలి. మురళీకృష్ణ కూడా అందుకోసమే చూస్తున్నాడు. బొజ్జయ్య అరచెయ్యి ఇంకా మంటపుడుతోంది. దాన్ని ఒకసారి చూసుకున్నాడు.

"మళ్ల అనున్రి సారు. బండి ఎవరిది?"

"ఏంట్రా?"

"నాదేనన్నరు గదా. హీరాలాల్ భాయ్ కూడా విన్నడు."

హీరాలాల్ స్కేలును గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. బొజ్జయ్య వెళ్లి గోడ మేకుకు వేలాడుతున్న బండి తాళం తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"సరే సారు. నాదే," అన్నాడు. అని బయటికి నడిచాడు.

*

ఇంట్లో శ్యామల తాళాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"మనదైందా?"

"అయింది."

"ఏడుంది?"

"షెడ్డుల. ఇంజను లేదు."

"ఇంజను చచ్చినంక మనదైంది," అంది ఆమె.

నాలుగు రోజులు అతను ఎక్కడికీ వెళ్లలేదు. పత్తిలో కలుపు తీశాడు. మురళీకృష్ణ మనిషి షెడ్డుకు వెళ్లి ఇంజను దింపమంటే, తలుపు మీద పేరున్నోడు చెప్పనిది బండి ముట్టనని హీరాలాల్ అన్నాడట. ఆ కబురు విన్న పూట బొజ్జయ్యకు అన్నం రుచిగా ఉంది.

తర్వాత ఊరు రావడం మొదలుపెట్టింది. ముందు ఒకరిద్దరు ఊరికే వచ్చి కూర్చుని పోయారు. ఆ మర్నాడు పెద్దమనిషి గోపాలు వచ్చాడు. వెంట బొజ్జయ్య చిన్నాన్న కొడుకు దస్రు కూడా ఉన్నాడు.

"పత్తి పచ్చగ లేదురా," అన్నాడు గోపాలు. "ఆకు పసుపు తిరిగింది. యూరియా ఆ ఒడ్డుకే ఆగిపాయె. నెత్తి మీద ఎన్ని బస్తాలు మోస్తం?"

"నేనేం చెయ్యాలె మామా? మొన్న వాళ్లు ఇంజను కాల్చి నా మీద ఏసిండ్రు."

"ఎరుకనే. అన్నాయమే. కానీ కోపం నీది, పత్తి మా అందరిది. వాడొస్తే తాళమిచ్చెయ్యి."

దస్రు నేల చూస్తూ అన్నాడు, "అన్నా, మనం పట్టుపడితే వాడు మన ఊరికి అరువు బంద్ చేస్తడు."

బొజ్జయ్య ఇద్దరినీ చూశాడు. తన వెనక ఊరు నిలబడుతుందని అనుకున్నాడు. నిలబడింది నిజమే. అయితే వెనక కాదు, ఎదురుగా నిలబడింది.

మురళీకృష్ణ ఆ మధ్యాహ్నమే వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, బూట్లు చేతిలో పట్టుకుని వాగు దాటి వచ్చాడు. తెల్లటి పిక్కలకు బురద పట్టి ఉంది. నులకమంచం మీద కూర్చుని శ్యామల ఇచ్చిన నీళ్లు తాగాడు.

"కోపంలో నాలుగు మాటలు అంటాం బొజ్జయ్యా. అవన్నీ పట్టుకుంటే ఎట్లా?" అన్నాడు. ఈసారి 'రా' అనలేదు. "ఇంజను దొరికింది. ఖర్చు నాదే. రేపు షెడ్డుకు వచ్చి హీరాలాల్‌కి చెప్పు. తాళం తీసుకురా."

గోపాలు, దస్రు పందిరి కింద నిలబడి వింటున్నారు. శ్యామల గడపలో నిలబడి మొగుడి నోటి వైపే చూస్తోంది. ఇంతకుముందు ఎప్పుడూ రాని ఘడియ అది. ఏమడిగినా అవతలి మనిషి కాసేపు వినక తప్పదు.

"సెన్సార్ పెట్టియ్యాలె సారు," అన్నాడు బొజ్జయ్య.

"ఏంటి?"

"ఫ్యాన్లకు. దానంతట అదే ఏసుకునేది. హీరాలాల్ అప్పుడే చెప్పిండు. రేపు మళ్ల ఎవరో ఒకరు తోలుతరు. వాళ్లు మరిస్తే మళ్ల నా మీదికే వస్తది. నేను మనిషిని సారు, ఎంతకని చూసుకుంట కూసుంట?"

"అంతేనా?"

"అంతే."

మురళీకృష్ణ ముఖం విప్పారింది. "దానిదేముంది, పెట్టిద్దాం," అని లేచాడు. శ్యామల గడపలోంచి లోపలికి వెళ్లిపోయింది. ఆమె గిన్నెలు సర్దుతున్న చప్పుడు అవసరమైనదానికంటే ఎక్కువగా వినిపించింది.

*

పాత ఇంజను దింపి, తెచ్చిన ఇంజను ఎక్కించేసరికి రెండు రోజులు పట్టింది. బొజ్జయ్య షెడ్డులోనే ఉండి చైను లాగాడు, బోల్టులు అందించాడు, గొట్టాలు బిగించాడు. హీరాలాల్ సెన్సార్‌ను రేడియేటర్ గొట్టానికి అమర్చాడు. ఇక పాత స్విచ్ పీకేసి దాని జాగాలో ఇంటి గుమ్మం దగ్గర ఉండే కాలింగ్ బెల్ లాంటి బటన్ ఒకటి పెట్టాడు.

"ఇది నా ఖోపిడీ నుంచి వచ్చింది భాయ్," అన్నాడు తల మీద తట్టుకుంటూ సంబరంగా. "వాగుల దిగినప్పుడు నొక్కి పట్టుకో. నొక్కినంతసేపే ఫ్యాన్లు ఆగుతయి. వేలు తీస్తే చాలు, మళ్ల సెన్సార్ చూసుకుంటది. మరుద్దామన్నా మరవలేవు."

ఇంజను వేడెక్కేదాకా ఆగారు. ముల్లు సగం దాటింది. ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ఫ్యాన్లు జుమ్మన్నాయి. బొజ్జయ్య ఎడమచెయ్యి అలవాటుగా కిందికి కదిలి, ఏమీ చేసేది లేక, తొడ మీద ఆగిపోయింది. చాలా రోజులకు అతనికి భుజాలు తేలికయ్యాయి.

అప్పటికే వచ్చి చూస్తున్న మురళీకృష్ణ దగ్గరికి వచ్చాడు. బటన్ నొక్కి చూశాడు, వదిలి చూశాడు. పిల్లవాడికి బొమ్మ దొరికినట్టు మళ్లీ నొక్కాడు.

"అంటే ఇక గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదన్నమాట."

"ఏం లేదు సాబ్. గాడిద తోలినా ఇంజను కాలది," అన్నాడు హీరాలాల్.

మురళీకృష్ణ నవ్వాడు. తర్వాత బొజ్జయ్య వైపు చెయ్యి చాపాడు. బొజ్జయ్య తాళాన్ని ఆ చేతిలో పెట్టాడు. మురళీకృష్ణ దాన్ని జేబులో వేసుకోలేదు. రోడ్డు వైపు తిరిగి, "దా," అని పిలిచాడు.

టీ బండి పక్క నుంచి దస్రు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తాళం అందుకునేటప్పుడు అతని తల వంగే ఉంది.

"ఇవాళ్టి నుంచి దస్రు తోలతాడు," అన్నాడు మురళీకృష్ణ. "నువ్వు పొలం చూసుకో బొజ్జయ్యా. తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయేవాణ్ణి సీట్లో ఎట్లా కూర్చోబెట్టుకోను, నువ్వే చెప్పు. పేరు నీదే ఉంటుందిలే, దాని గురించి బెంగపెట్టుకోకు."

హీరాలాల్ చేతిలోని గుడ్డను ఊరికే మడతపెట్టాడు, విప్పాడు. "సాబ్, గాడిద అన్నది నేను వేరే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

మురళీకృష్ణ కారు దగ్గరికి వెళ్లాక దస్రు ఒక అడుగు ముందుకు వేశాడు. "అన్నా, నేను కాదంటే వేరేటోణ్ణి పెట్టుకుంటడు. మన ఇంట్లనే ఉంటది అనుకో."

"అవ్," అన్నాడు బొజ్జయ్య.

"ఏమన్న చెప్పేదుందా, బండి సంగతి?"

బొజ్జయ్య ఆలోచించాడు. మూడేళ్లుగా ఆ బండి గురించి తెలిసినదంతా ఒక్కసారి గుండెలోకి వచ్చింది. రెండో గేరు పట్టేసే తీరు, చప్టా మీద ఎడమ అంచున ఉన్న గుంట, బరువెక్కితే పక్కకు లాగే వెనక టైరు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది స్విచ్ సంగతి. అది ఇక లేదు.

"చప్టా ఎడమ అంచుకు గుంట ఉంది. కుడికి పట్టుకో," అన్నాడు.

యూరియా లోడు వెళ్లిపోయింది. హీరాలాల్ టీ తెప్పించాడు. బొజ్జయ్య తాగాడు. వద్దంటే ఆ మనిషి ఇంకా బాధపడతాడని తాగాడు.

బస్సు దిగి, వాగు దాటి, ఊరు చేరేసరికి పొలాల మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. యూరియా బస్తాలు గోపాలు ఇంటి ముందు దిగాయి. జనం చుట్టూ మూగి ఉన్నారు. ఎవరో అతన్ని చూసి చెయ్యి ఎత్తారు. బొజ్జయ్య కూడా ఎత్తి, గట్టు మీదుగా తన చేనులోకి నడిచాడు.

శ్యామల పత్తి సాలులో కూర్చుని కలుపు తీస్తోంది. తడిసిన ప్యాంటుతో నిలబడ్డ మొగుణ్ణి తల ఎత్తి చూసింది.

"బండి బాగైందా?"

"బాగైంది."

"మరి నడుచుకుంట వచ్చినవేంది?"

బొజ్జయ్య చెప్పులు విప్పి గట్టు మీద పెట్టాడు.

"ఇగ నేను లేకున్నా నడుస్తది," అన్నాడు.

శ్యామల చేతిలోని గడ్డిపోచను వేళ్లతో దులిపి గట్టు మీదికి విసిరింది. తర్వాత కొడవలి పట్టుకుని పక్క సాలులోకి జరిగింది, తను తీస్తున్న సాలును అతనికి వదిలి. బొజ్జయ్య వంగాడు. మొదటి గడ్డి దుబ్బును పట్టి పీకాడు.